కడిగిన ముక్క

జూన్ 14, 2004, సోమవారం

బడి తెరిచాం. సెలవులు ఎప్పుడిచ్చారో, ఎప్పుడైపోయాయో. అరవై ఒక్కమంది పిల్లలు, ఐదు తరగతులు, మధ్యలో నేనొక్కదాన్ని. రెండో పోస్టు పోయిన ఏడాది నుంచి ఖాళీ. "జూలైలో వేసేస్తారండి" అన్నారు మండలాఫీసులో. పోయిన జూన్‌లోనూ ఇదే మాట, ఇదే మనిషి, ఇదే కుర్చీ. నాకు యాభై ఆరు నిండాయి. ఇంకో రెండేళ్ళు లాగితే చాలు.

ఒకటో తరగతిలో కొత్తగా ఏడుగురు చేరారు. ఆరుగురు ఏడ్చారు. ఏడవని పిల్ల సత్యప్రియ. దాని బదులు తల్లి ఏడ్చేలా ఉంది. తల్లి పేరు కనకదుర్గ, కాలవ అవతల కొబ్బరితోట వాళ్ళ కోడలు. మొగుడు దోహాలో ఉంటాడు.

"మా పిల్లకి నువ్వులు పడవండి టీచరుగారూ" అంది.

"నాకు వంకాయ పడదమ్మా. ఒక్కొక్కరికి ఒక్కొక్కటి" అన్నాను రిజిస్టరులోంచి తలెత్తకుండా.

"అలాక్కాదండి. రెండో ఏట ఎవరో నువ్వుండ చిటికెడు నోట్లో పెట్టేరండి. మూతి వాచిపోయి, ఊపిరాడక నీలంగా అయిపోయిందండి. కాకినాడలో పెద్ద డాక్టరుగారు బతికించేరు. ఇంకోసారి తింటే ఇంతకన్నా ఎక్కువొస్తాదన్నారండి. నువ్వులు, నువ్వుపొడి, నువ్వులాడించిన పప్పునూనె, ఆ నూనె పోసిన ఆవకాయ, ఏదీ వద్దండి. ఎవరి క్యారేజీలోదీ ముట్టుకోకూడదండి."

డాక్టరు రాసిన కాగితం, నాలుగు మాత్రలున్న పొట్లం నా బల్ల మీద పెట్టింది. దద్దుర్లు కనబడితే మాత్ర వేసి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలట. రెండూ బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆవిడ వెళ్ళాక నవ్వుకున్నాను కూడా. ఒక్కగానొక్క పిల్ల ఉన్న తల్లికి ప్రతి గింజా పామే.


జూన్ 15

సత్యప్రియ క్యారేజీ తెచ్చుకుంది. పెరుగన్నం. అరుగు చివర విడిగా కూర్చోబెట్టాను. గోడ వైపు తిరిగి తింది.


జూలై 7, బుధవారం

ఈ ఏడు ఆవకాయ జాడీ ఇవాళ బడికి తెచ్చాను. బుధవారం సాంబారు రోజు. సాంబారంటే ఏమిటి, గోదారి నీళ్ళలో కందిపప్పు మొహం చూపించడం. పాపం, వంటమనిషి అప్పాయమ్మ మాత్రం ఏం చేస్తుంది. వాళ్ళిచ్చే పప్పుకి దేవేంద్రుడొచ్చినా అంతకన్నా చిక్కగా చెయ్యలేడు.

అందుకే బుధవారాలు ఒక్కో కంచంలో ఒక్కో ముక్క వేస్తాను. నా చేత్తోనే వేస్తాను. ఈ బడికి వచ్చిన దగ్గర్నుంచీ ఇదే పద్ధతి. ఒకటో తరగతి వాళ్ళకి కారం ఆగదు కదా, వాళ్ళకి ముక్క కడిగి పెడతాను. కారం, నూనె పోయి ఉప్పూ పులుపూ మిగులుతాయి. మా అమ్మ నాకలాగే పెట్టింది, నా పిల్లలకి నేనలాగే పెట్టాను. టెంకని బుగ్గన పెట్టుకుని బడి విడిచేదాకా చప్పరించే ఘనులున్నారు. ఎక్కాలు చెప్పమంటే నోరు తెరవరు.

సత్యప్రియ దూరం నుంచి చూసింది. దానికి పెట్టలేదు. గుర్తుంది నాకు.


ఆగస్టు 19

పల్స్ పోలియో లెక్క, పుస్తకాల లెక్క, బియ్యం లెక్క. ఇవాళ పాఠం చెప్పింది లేదు.


సెప్టెంబరు 6, సోమవారం

సత్యప్రియ క్యారేజీ మూత తియ్యకుండా కూర్చుంది. ఎంత బతిమాలినా తినదు. చివరికి, "అందరితో కూర్చుంటానండి టీచరుగారూ" అంది. మూడు నెలల్లో ఆ పిల్ల నన్ను అడిగింది అదొక్కటే.

కనకదుర్గకి కబురు పెట్టాను. వచ్చింది. నేరుగా వంటపాకలోకి వెళ్ళి నూనె డబ్బా మూత తీసి వాసన చూసింది. పప్పు డబ్బాలో, పోపు డబ్బాలో చెయ్యి పెట్టి దేవింది. ఇంకో మనిషైతే అప్పాయమ్మ చీపురు తిరగేసేదే. కానీ ఈ తల్లిని ఏమీ అనలేదు.

"ఆయ్, చూసుకోండమ్మా. మేం వాడేది గవర్నమెంటోళ్ళిచ్చే పామాయిలేనండి. నా మనవరాలూ ఈ బళ్ళోనే తింటాది. దానికెలాగో మీ పాపకీ అలాగేనండి."

అప్పటికప్పుడు ఒక కంచం చింతపండుతో తోమి, మిగతావాటితో కలపకుండా వేరే గూట్లో బోర్లించింది. సత్యప్రియది అది. గరిటె కూడా వేరే. నాకు ముచ్చటేసింది. ఈ మాత్రం బుద్ధి నాకు జూన్‌లోనే ఎందుకు తట్టలేదో.

రేపటి నుంచి సత్యప్రియ బంతిలోనే తింటుంది.


సెప్టెంబరు 8, బుధవారం

ముక్కలు వేసుకుంటూ వెళ్ళి సత్యప్రియ దగ్గర ఆగకుండా పక్కపిల్లకి వెళ్ళిపోయాను. బంతిలో కూర్చున్న మనిషిని దాటిపోవడం ఎంత కష్టమో ఇవాళ తెలిసింది. పెళ్ళిలో ఎవరినైనా అలా దాటిపోతే తరాల పాటు మాటలుండవు.


అక్టోబరు 30

కమిటీ చైర్మన్ ఆంజనేయప్రసాద్ గారు మళ్ళీ వచ్చారు. వంట పని అప్పాయమ్మ వాళ్ళ పొదుపు సంఘం నుంచి తీసేసి ఆయన మరదలి సంఘానికి ఇవ్వాలట. "మా వాళ్ళు శుభ్రంగా చేస్తారండి" అన్నారు. ఇప్పుడు అశుభ్రంగా ఏముందో చెప్పమన్నాను. చెప్పలేక కాఫీ తాగి వెళ్ళారు.


నవంబరు 17, బుధవారం

నిన్న నాగుల చవితి. పుట్టలో పాలు పోసొచ్చిన మర్నాడు ఈ బళ్ళో ప్రతి సంచీలోనూ చిమ్మిలి ఉంటుంది. నువ్వులూ బెల్లమూ కలిపి దంచిన ముద్దలు. పోయిన వారం నుంచీ చెబుతూనే ఉన్నాను, తేవద్దర్రా అని. చెప్పినంత మాత్రాన వింటే వాళ్ళు పిల్లలెందుకవుతారు.

పొద్దున్నే గేటు దగ్గర బుట్ట పెట్టుకుని కూర్చున్నాను. సంచులు, జేబులు, గౌను మడతలు, ఒక్కటీ వదల్లేదు. ముప్ఫై ఒక్క పొట్లాలు దొరికాయి. అందరి చేతులూ సబ్బుతో కడిగించాను.

"ప్రసాదం పారేస్తే కళ్ళు పోతాయంటండి" అంది మూడో తరగతి పిల్లొకతి.

"పోతే నావే పోతాయిలే, నువ్వు నడు" అన్నాను.

మొత్తం పట్టుకెళ్ళి గేదెల కుడితిలో వేశాను. కనకదుర్గ సాయంత్రం వచ్చి రెండు చేతులూ పట్టుకుంది. "మీరుండబట్టి ధైర్యంగా పంపుతున్నానండి" అంది. ఇవాళ పెద్ద బరువు దిగింది. ఈ ఊళ్ళో నా అంత జాగ్రత్తగల మనిషి లేదని నేనే అనుకుంటే బాగుండదు కానీ, లేదు.


నవంబరు 24, బుధవారం

సత్యప్రియ బతికింది. ఇంక ఏమీ రాయలేను.


నవంబరు 25

బడికి వెళ్ళలేదు. ఈ పదేళ్ళలో పెట్టిన మూడో సెలవు ఇది. జరిగింది జరిగినట్టు రాసి పెట్టుకోవాలి, రేపు ఎవరైనా అడిగితే చెప్పడానికి.

భోజనాలయ్యాయి. పిల్లలు ఆడుకుంటున్నారు. సత్యప్రియ నా కుర్చీ దగ్గరకి వచ్చి నిలబడింది. "గొంతులో ఏదోలా ఉందండి" అంది. కింది పెదవి అప్పటికే లావెక్కింది. మెడ మీద దద్దుర్లు. నేను చూస్తుండగానే కళ్ళు మూసుకుపోయేంత వాచాయి. దగ్గు మొదలైంది. అది దగ్గులా లేదు.

మాత్రలు బీరువాలో ఉన్నాయి. తాళంచెవి నా సంచీలో ఉందనుకున్నాను. లేదు. బల్ల సొరుగులో లేదు. ఎంతసేపు వెతికానో. అప్పాయమ్మ పరుగున వచ్చి రోకలిబండతో బీరువా తాళం బద్దలు కొట్టింది. మాత్ర మింగలేకపోయింది పిల్ల. డాక్టరు వెంకటకృష్ణ వచ్చాడు. మా ఊరికి ఆయనే డాక్టరు, చదివిందేమిటో ఎవరూ అడగరు. ఏదో సూది వేసి, "నా వల్ల కాదండి, రాజోలు తీసుకెళ్ళిపోండి" అన్నాడు. ఆ మాట వెంటనే అన్నాడు, ఆయనకి పుణ్యముంటుంది. ఆటోలో నా ఒళ్ళో పిల్ల. పక్కన అప్పాయమ్మ. దారంతా ఆ పిల్ల గొంతులోంచి వచ్చిన చప్పుడు ఇంకా నా చెవుల్లోనే ఉంది.

ఆసుపత్రిలో సూది వేసి ఆక్సిజన్ పెట్టారు. గంట తర్వాత పిల్ల కళ్ళు తెరిచింది, కబురందుకుని వచ్చిన కనకదుర్గ లోపల దాని దగ్గరుంది. అప్పుడు డాక్టరమ్మ బయటికి వచ్చి నన్నే అడిగింది, "ఏం తిందండీ?"

"అన్నం, సాంబారు" అన్నాను.

"అది కాదు, ఇంకేదో ఉంటుంది. కనుక్కోండి. ఏం తిందో తెలియకపోతే మళ్ళీ అదే తింటుంది. రెండోసారి మన చేతిలో ఉండదు."

అన్నం, సాంబారు. ఏం తిందో తెలియదు.


నవంబరు 26, శుక్రవారం

పాఠశాల కమిటీ మీటింగు. ఇన్నేళ్ళలో ఇంతమంది ఎప్పుడూ రాలేదు. ఆంజనేయప్రసాద్ గారు లేచి, "పామాయిలు అయిపోయుంటాదండి. ఇంట్లోంచి పప్పునూనె తెచ్చి పోపు పెట్టుంటాది. ఇంకెలాగొస్తాది చెప్పండి?" అన్నారు.

"లేదు బాబూ, అమ్మతోడు. డబ్బా చూడండి, సగానికి పైన ఉంది" అంది అప్పాయమ్మ.

డబ్బా ఎవరూ చూడలేదు. నా వైపు తిరిగారు. "టీచరుగారూ, పోపు పెట్టేటప్పుడు మీరు దగ్గరుండి చూసేరా అండీ?"

"చూడలేదు" అన్నాను.

అది నిజమే. ఆ టైములో నేను నాలుగో తరగతికి భాగహారాలు చెబుతున్నాను. చూడలేదు. నేను అబద్ధమేమీ చెప్పలేదు.


నవంబరు 29, సోమవారం

ఇవాళ్టి నుంచి వంట ఆంజనేయప్రసాద్ గారి మరదలి సంఘానిది. అప్పాయమ్మ తన గరిటెలు మూట కట్టుకుని వెళ్ళింది. గూట్లో ఆ వేరే కంచం అలాగే ఉంది.


నవంబరు 30

కొత్తవాళ్ళ పప్పు బాగానే ఉంది. అప్పాయమ్మ మనవరాలు బడికి రాలేదు. తలనొప్పిగా ఉంది.


డిసెంబరు 1, బుధవారం

పిల్లలు ఆవకాయ ఏదండీ అన్నారు. అయిపోయిందన్నాను.


డిసెంబరు 2

రెండుసార్లు కడిగాను.


డిసెంబరు 4, శనివారం

కనకదుర్గ వచ్చింది. పిల్ల పలక తీసుకెళ్ళడానికి. ఇంక పంపదట. నేను పంపమనలేదు కూడా.

"ఎలా ఉంది?" అన్నాను.

"ఉందండి. అప్పాయమ్మని నానా మాటలూ అన్నాను, పామాయిలే పోసేనని ఒట్టేస్తందండి. ఏది పడలేదో తెలీక అన్నీ మానిపించేసేనండి. పప్పు మాన్పించేను, కందిపప్పే అయ్యుంటాదేమోనని. కూరలు మాన్పించేను. పాలు కూడా ఇవ్వట్లేదండి. గంజిలో ఉప్పేసి పెడుతున్నాను. ముద్ద పెట్టిన ప్రతిసారీ నా గుండె ఆగిపోతంది. మూతి కేసి చూస్తూ కూర్చుంటున్నాను."

పది రోజులుగా గంజి. ఆరేళ్ళ పిల్ల.

"పిల్లనడిగేవా?" అన్నాను. ఎందుకడిగానో నాకు తెలుసు.

"అడిగేనండి. వంద సార్లడిగేను. అన్నం సాంబారే తిన్నానంటాది. ఇంకో మాట చెప్పదండి."

ఆవిడ వెళ్ళాక చాలాసేపు ఊరట పడ్డాను. పిల్ల కూడా అదే చెబుతోంది కదా. అన్నం, సాంబారు. కాబట్టి సాంబారే అయ్యుంటుంది. అప్పాయమ్మ పొరపాటున ఏదైనా కలిపి ఉండొచ్చు, మనిషన్నాక పొరపాటు పడదా.

పాలు తాగే పిల్లి కళ్ళు మూసుకున్నట్టుంది నా వ్యవహారం. పైగా ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు.


డిసెంబరు 6, సోమవారం

మా ఆయన అటక మీద ఏదో వెతుకుతూ, "బడి జాడీ ఇక్కడికెందుకొచ్చింది? ఇంకా సగముంది కదా" అన్నారు.

"పిల్లలు తినట్లేదు" అన్నాను.

"ఆవకాయ తినని పిల్లలా? మన జిల్లాలోనా?" అని నవ్వారు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేను ఆయన మీద విరుచుకుపడ్డాను. ఏనాడూ లేనిది అంత అరిచేసరికి ఆయన నా మొహంలోకి చూసి, పేపరు తీసుకుని అరుగు మీదకి పోయారు.


డిసెంబరు 7, మంగళవారం

బడి విడిచాక అప్పాయమ్మ ఇంటికెళ్ళాను. ఓదార్చి వద్దామని. అంతకన్నా ఏ ఉద్దేశమూ లేదు. ఓదార్చడం తేలిక కదా.

కోతల నుంచి అప్పుడే వచ్చింది. చేతులు తోముకుంటోంది. పీచుతో, బూడిదతో, మోచేతుల దాకా. నేను అరుగు మీద కూర్చుని ఎంతసేపు చూశానో, ఆపదు.

"చాల్లే, తోలూడిపోతుంది" అన్నాను.

"ఆయ్, చాల్లేదండి టీచరుగారూ. నా చేతులకే ఏదో అంటుకుని ఉంటాదండి ఆ రోజు. ముందు రోజు మా ఆడపడుచింట్లో అరిసెలకి నువ్వులు దోరగా వేయించి ఇచ్చేను. స్నానం చేసేనండి, కోక మార్చేను. అయినా గోళ్ళలో ఉండిపోయుంటాది. మీటింగులో ఈ మాట చెప్పలేదు, భయమేసింది. ఆ పిల్ల ఆటోలో చేసిన చప్పుడు మీరూ విన్నారు కదండీ. అది నా గోళ్ళ వల్లేనండి."

"నీ వల్ల కాదు అప్పాయమ్మా" అన్నాను.

"మీరు మంచోరు కాబట్టలాగంటారండి. మా మనవరాలికి కూడా నేను వండట్లేదు. పక్కింటోళ్ళు ముద్ద పడేస్తన్నారు. ఈ చేతుల్తో ఇంక ఎవరికీ వండనండి."

నాకు మంచినీళ్ళిద్దామని చెంబు అందుకుంది. మళ్ళీ తనే కింద పెట్టేసి, "మీరే ముంచుకోండి" అంది. ముంచుకుని తాగి వచ్చేశాను. చెప్పకుండానే వచ్చేశాను.

ఇప్పుడు రాస్తున్నాను.

ఆ బుధవారం నేను ఎప్పటిలాగే జాడీ పట్టుకుని బంతి మొదటి నుంచీ వచ్చాను. సత్యప్రియ దగ్గరకి రాబోతుంటే ఆ పిల్ల నా కంటే ముందే తన కంచం మీద చెయ్యి అడ్డం పెట్టేసింది. అడగలేదు, ఏడవలేదు. పదకొండు బుధవారాలు నేను దాటిపోవడం చూసి చూసి, నాకు ఇబ్బంది లేకుండా తనే అడ్డం పెట్టుకుంది. పెట్టి నా మొహంలోకి చూసి నవ్వింది. పెద్దవాళ్ళు వద్దండీ అన్నట్టు.

నా వల్ల కాలేదు. ఆ చెయ్యి చూశాక నా వల్ల కాలేదు. భోజనాలయ్యి అందరూ కంచాలు కడగడానికి వెళ్ళాక దాన్ని పిలిచాను. జాడీలో అన్నిటికన్నా చిన్న ముక్క వెతికాను. అదీ సగానికి తుంచాను. కుళాయి కింద పెట్టి కడిగాను. నూనె పోయింది, ఎరుపు పోయింది, ఆవపిండి పోయింది. ఇంకోసారి కడిగాను. ఒట్టి మామిడికాయ ముక్క, అంతే, తెల్లగా ఉంది. నువ్వులెక్కడున్నాయి ఇందులో, ఉప్పూ పులుపూ తప్ప? ఇంతమంది పిల్లలకి ఇన్నేళ్ళు కడిగి పెట్టాను, కడిగితే ఏం పోతుందో ఏం మిగులుతుందో నాకు తెలియదా అనుకున్నాను. నోట్లో పెట్టాను. "పుల్లగా ఉందండి" అని కళ్ళు మూసుకుంది. అంత ఆనందం నేను ఏ పిల్ల మొహంలోనూ చూడలేదు. నాకూ ఆనందమేసింది. అది కూడా రాయాలి.

ముప్ఫై ఒక్క పొట్లాలు పట్టుకున్నదాన్ని నేనే. ఆవకాయ అని పేరు పెట్టి మరీ తల్లి వద్దని చెబితే విన్నదాన్నీ నేనే. ఆ పిల్ల గంజి తాగుతుంటే, అప్పాయమ్మ చేతులు తోముకుంటుంటే, సాంబారు సాంబారు అని రాసుకుంటున్నదాన్నీ నేనే.

అంతే. జరిగిందంతా రాసేశాను.


డిసెంబరు 8, బుధవారం

పొద్దున్న కాగితం రాశాను. మండల విద్యాధికారి గారికి ఒకటి, కమిటీకి ఒకటి. సంజాయిషీ కాదు, జరిగింది జరిగినట్టు. ఉద్యోగం ఉంటుందో పోతుందో వాళ్ళు చూసుకుంటారు. మా ఆయన రెండూ చదివి, "ఇంకో ఏడాదిన్నర..." అని ఆగిపోయి, చొక్కా వేసుకుని తనే పోస్టులో వెయ్యడానికి వెళ్ళారు.

నేను అప్పాయమ్మ ఇంటికెళ్ళి, నాతో రమ్మన్నాను. ఎక్కడికని అడగలేదు. కాలవ దాటి కనకదుర్గ ఇంటికి వెళ్ళాం. అప్పాయమ్మ గుమ్మం లోపలికి రానంది. సరే, అరుగు మీదే చెప్పాను. ఇద్దరికీ ఒకేసారి. ముక్క, కుళాయి, రెండుసార్లు కడగడం. చిన్న మాటలే, ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. పధ్నాలుగు రోజులు మోశాను వాటిని.

కనకదుర్గ అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండును.

"ఎంత ముక్కండి?" అంది.

చిటికెనవేలు గోరు చూపించాను.

"కడిగేకా?"

"కడిగాక."

స్తంభాన్ని పట్టుకుని కూర్చుండిపోయింది. "అంత చాలన్నమాట" అంది తనలో తను. "పప్పు కాదన్నమాట. పాలు కాదు. పాలు ఇవ్వొచ్చన్నమాట దానికి" అంటూ అప్పుడు ఏడ్చింది. గబగబా లోపలికెళ్ళి ఏదో పొయ్యి మీద పెట్టిన చప్పుడు వినబడింది. తిరిగొచ్చి అప్పాయమ్మ రెండు చేతులూ పట్టుకుని, "నిన్ను నానా మాటలన్నాను పిన్నీ" అంది.

అప్పాయమ్మ చేతులు వెనక్కి లాక్కోబోయింది. కనకదుర్గ వదల్లేదు. అప్పాయమ్మ నా వైపు చూసింది. నేను ఎదురుచూసినది ఏదైనా కావచ్చు, ఆ చూపు కాదు. కోపమైతే పడేదాన్ని.

"నిన్న మా అరుగు మీద కూర్చున్నప్పుడు కూడా మీకు తెలుసు కదండీ" అంది.

"తెలుసు" అన్నాను.

"ఆయ్" అంది.

"మీరు మళ్ళీ మా పిల్ల నోట్లో ఏమీ పెట్టకండి టీచరుగారూ" అంది కనకదుర్గ, మర్యాద ఎక్కడా తగ్గకుండా. "ప్రేమ ఉంటే దూరం నుంచి చూడండి. దానికి అది చాలండి." తలూపాను. రేపటి నుంచి బడికి పంపుతుందో లేదో నేను అడగలేదు. అప్పాయమ్మ వంట చేస్తేనే పంపుతానని తనే అంది.

అప్పుడు తలుపు చాటు నుంచి సత్యప్రియ బయటికొచ్చింది. చిక్కిపోయింది. చేతిలో పాలగ్లాసు, మూతి మీద తెల్లటి చార. ఎప్పటి నుంచి అక్కడుందో, ఎంత విన్నదో. నా మొహం, వాళ్ళమ్మ ఏడ్చిన మొహం, మార్చి మార్చి చూసింది. పిల్ల బెదిరిపోయి ఉంది. గ్లాసు కింద పెట్టి, చేతులు కట్టుకుని, బళ్ళో పాఠం అప్పజెప్పేటప్పుడు నిలబడినట్టు నా ముందు నిలబడింది.

"నేను చెప్పలేదండి టీచరుగారూ" అంది. "అమ్మకి చెప్పొద్దన్నారు కదండీ మీరు. అమ్మ కొట్టినా చెప్పలేదండి. డాక్టరుగారికి కూడా చెప్పలేదండి."

నిజమే. ముక్క నోట్లో పెడుతూ అన్నాను ఆ మాట. నిన్న అంతా రాసేశానన్నాను కదా, అది మాత్రం రాయలేదు.